పట్టిన చోటే వదలాలి

మా కుక్క పేరు నెయ్. అమీర్‌పేటలో మా గల్లీ వాళ్లంతా దాన్ని నెయ్యి అంటారు. "ఇంత నల్ల కుక్కకు నెయ్యి అని పేరేంది టీచరమ్మా" అని నవ్వుతారు. మా కోయ మాటలో నెయ్ అంటే కుక్క. అది మా ఇంటికి వచ్చిన రోజుల్లో పేరు వెతికే ఓపిక మాకు లేదు. కుక్కను కుక్కా అని పిలిచాం. అదే పేరయింది. పిట్టను మేము పిట్టె అంటాం. అది తెలుగుకు దగ్గరగానే ఉంది కాబట్టి దాని గురించి ఎవరూ నవ్వలేదు.

మైత్రీవనం నుంచి బల్కంపేట వైపు పోయే గల్లీల్లో ఒక పాత ఇంటి వెనక భాగంలో అద్దెకుంటున్నాం. ముందు భాగంలో ఓనరమ్మ ఉంటుంది. మాకు రెండు గదులు, వాటి వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు. అందులో ఒక జామచెట్టు, ఒక కరివేపాకు చెట్టు, పైన బండ వేసి మూసేసిన బావి. చుట్టూ నాలుగైదు అంతస్తుల హాస్టళ్లు. మాలో ఒకరం పంజాగుట్ట వైపు ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు చదువు చెబుతాం. ఒకరం నిమ్స్ దగ్గర మందుల షాపులో పనిచేస్తాం. మాకొక పాప.

మా సొంతూరు కూనవరం మండలంలో ఉంది. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. 2014లో ఏడు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రాలో కలిపినప్పుడు మా ఊరూ అందులో పోయింది. ఊరు ఉన్నచోటే ఉంది, రాష్ట్రం మారింది. పోలవరం ముంపు గ్రామాల జాబితాలోనూ మా ఊరి పేరుంది. టీచర్ ట్రైనింగ్ చేసి, డీఎస్సీ రెండుసార్లు రాసి, రాక, పట్నం వచ్చాం. ఏజెన్సీలో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో వచ్చిన 3వ నంబరు జీవో మీద మాకింకా ఆశ ఉండేది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నెలలోనే నెయ్ మా ఇంటికి వచ్చింది.

అమీర్‌పేట కుక్కలు హాస్టళ్ల మీద బతుకుతాయి. కంప్యూటర్ కోర్సుల కోసం రెండు రాష్ట్రాల నుంచీ పిల్లలు వస్తారు. గల్లీకి పది హాస్టళ్లు. రాత్రి పది దాటితే మిగిలిన అన్నం, సాంబారు గల్లీ చివర పారబోస్తారు. ఏ హాస్టల్ అన్నం ఎన్ని గంటలకు పడుతుందో కుక్కలకు లెక్క తెలుసు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఊళ్లకు పోవడానికి పాసుల కోసం పిల్లలు బ్యాగులతో పోలీసు స్టేషన్ల ముందు వరుసలు కట్టారు. రెండు మూడు రోజుల్లో గల్లీ బోసిపోయింది. పిల్లలు ఊళ్లకు పోయారు. కుక్కలకు పోవడానికి వేరే ఊరు లేదు.

మందుల షాపు తెరిచే ఉండేది కాబట్టి మాలో ఒకరం రోజూ పంజాగుట్ట దాకా నడిచిపోయి వచ్చేవాళ్లం. మెట్రో స్తంభాల కింద ఒక్క బండి లేదు. ఒక సాయంత్రం ఒక నల్ల కుక్క, ఏడాది వయసుంటుందేమో, వెనకే ఇంటిదాకా వచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గేటు బయట కూర్చుంది. మేము ఆ రోజు గంజి వార్చాం. ఉప్పేసి గిన్నెలో పోశాం. తాగి, గిన్నె నాకి, బావి బండ మీదకెక్కి పడుకుంది. పొద్దున చూస్తే అక్కడే ఉంది.

బడి వాళ్లు ఏప్రిల్ నుంచి జీతం ఆపేశారు. మందుల షాపు జీతంతోనే ముగ్గురం బతికాం, నెయ్‌తో నలుగురం. కోడిమాంసం దుకాణంలో కాళ్లూ మెడలూ పది రూపాయలకు సంచెడు ఇచ్చేవాడు. పసుపేసి బియ్యంతో ఉడికిస్తే రెండు రోజులు వచ్చేది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యంలో నెయ్ వాటా ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మనుషులకే తిండి లేని రోజుల్లో కుక్కకు పెడుతున్నారా అంటారని.

పిట్టల సంగతి కూడా ఆ ఏడే మొదలైంది. బడి లేదు, చప్పుడు లేదు. అంతకుముందు అవి లేవని కాదు, మాకు వినబడలేదు. జామచెట్టు మీదకు రామచిలుకలు వచ్చి కాయ సగం కొరికి కింద పడేసేవి. గోరింకలు జంటగా దిగి పెరడంతా తమదే అన్నట్టు నడిచేవి. కరివేపాకు పూలకు నలుసంత నల్లటి తేనెపిట్ట. ఎండ ముదిరితే కోయిల కూత. పంజాగుట్ట చౌరస్తా మీద గద్దలు. పాపకు ఆన్‌లైన్ పాఠాలకు ఫోను ఒక్కటే ఉండేది, అదీ పగలంతా మందుల షాపులో. అందుకని పెరట్లో కూర్చోబెట్టి పిట్టల పేర్లు రెండు మాటల్లోనూ చెప్పేవాళ్లం. కోయలో కొన్నిటి పేర్లు మాకే గుర్తు రాలేదు. ఊరికి ఫోన్ చేసి అమ్మను అడిగేవాళ్లం. "నల్ల కుచ్చు, తోక కింద ఎర్రగా ఉంటది, అదేంది?" అని. అమ్మ ఫోన్లోనే అది కూసినట్టు కూసి చూపించేది. తెలుగులో దాన్ని పిగిలిపిట్ట అంటారు.

మొదట్లో గింజలు చల్లాం. పది రోజుల్లో పావురాలు ముప్పై, నలభై దిగాయి. మిగతా పిట్టలు రావడం మానేశాయి. ఓనరమ్మ మేడంతా రెట్టలు. ఆ రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని మందుల షాపులో రోజూ వినే మాటే. గింజలు ఆపేశాం. మట్టి మూకుడులో నీళ్లు మాత్రం పెట్టాం, రోజూ కడిగి మారుస్తూ. పావురాలు తగ్గాయి, పాతవన్నీ తిరిగొచ్చాయి. పిట్టలకు తిండి మనం పెట్టక్కర్లేదు. చెట్టు ఉంటే అవే చూసుకుంటాయి.

2022 జూలైలో గోదావరి వచ్చింది. 16వ తేదీన భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినప్పటి కథలు చిన్నప్పుడు వినేవాళ్లం. ఈసారి ఫోన్లలో చూశాం. మా ఊరి ఇళ్ల కప్పులు కూడా కనబడలేదు. అమ్మ అందరితో పాటు గుట్టెక్కింది. టార్పాలిన్ల కింద ఇరవై రోజులుంది. తరవాత మేము పోయి తీసుకొచ్చాం.

రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన అమ్మ ఇంట్లో అడుగు పెట్టకముందే నెయ్‌ని చూసింది.

"ఇది ఎవరింటి కుక్క?" అంది.

"మనదే అమ్మా."

"అంతకు ముందు?"

"వీధి కుక్క."

అమ్మకు అర్థం కాలేదు. మా ఊళ్లో కుక్కలను ఎవరూ కట్టరు. అన్నీ ఊరంతా తిరుగుతాయి. కానీ ఏది ఎవరింటిదో చిన్న పిల్లలను అడిగినా చెబుతారు. భూమి పండుగకు మగవాళ్లు వేటకు పోయేటప్పుడు ఏ ఇంటి కుక్క ముందు నడుస్తుందో, ఏది వెనక్కి తిరుగుతుందో అందరికీ తెలుసు. ఎవరిదీ కాని కుక్క అనే మాట మేము అక్కడ వినలేదు. పట్నం వచ్చాకే నేర్చుకున్నాం.

"మన కుక్కలు ఏమయ్యాయమ్మా?" అని పాప అడిగింది. పడవలో మనుషులకే చోటు చాలలేదని అమ్మ చెప్పింది. ఇంటి దగ్గర రెండు కుక్కలు, పదకొండు కోళ్లు. కోళ్లలో నాలుగింటిని గంపలో పెట్టుకుని ఎక్కిందట. కుక్కలు కొంతదూరం ఈదుతూ వచ్చాయట. ఆపై అమ్మ ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అమ్మ రెండు నెలలు మా దగ్గర ఉంది. ఆ రెండు నెలల్లోనే మేము సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి జరిగింది. జామచెట్టు పక్క గోడ కంతలో గోరింక పిల్లలు పెట్టింది. రెక్కలొచ్చి ఒక పిల్ల కింద పడి ఎగరలేక గెంతుతోంది. మేము చూసేసరికి నెయ్ నోట్లో ఉంది. అరిచాం, కొట్టాం. వదిలేసింది కానీ పిల్ల చచ్చిపోయింది. పాప రెండు రోజులు నెయ్ మొహం చూడలేదు. మేము కూడా దానికి ఆ పూట అన్నం పెట్టలేదు.

అమ్మ మమ్మల్నే తిట్టింది. "కుక్క నోరు కుక్క నోరే. కోడి పిల్లల్ని చేసినప్పుడు మనం గంప బోర్లిస్తాం, కుక్కకు నీతి చెబుతామా? పిట్ట పిల్ల ఎగరడం నేర్చుకునే నాలుగు రోజులు కుక్కను కట్టెయ్. ఐదో రోజు ఇప్పెయ్. చదువుకున్నోళ్లు, ఇది తెలవదా?"

మాకు తెలియదు. కుక్కను కట్టకుండా పెంచుతున్నామని గొప్పగా ఉండేవాళ్లం. అప్పటి నుంచి గూళ్ల లెక్క గోడ మీద సుద్దతో రాస్తున్నాం. గుడ్లు ఎప్పుడు పెట్టింది, పిల్లలు ఎప్పుడు వచ్చాయి. పిగిలిపిట్ట రెండో మూడో గుడ్లు పెడుతుంది. రెండు వారాలకు పిల్లలు, ఇంకో రెండు వారాల లోపే గూడు ఖాళీ. గూడు ఖాళీ అయ్యే ఆ నాలుగు రోజులు నెయ్ మెడకు తాడు. నెయ్ వల్ల పిట్టలకు ఒక మేలు కూడా ఉంది. అది వచ్చాక పెరట్లోకి పిల్లులు రావడం మానేశాయి.

సెప్టెంబర్‌లో అమ్మ తిరిగి ఊరికి పోయింది. గోడలు కూలిన ఇంటి ముందు, ఎండిన ఒండ్రు మీద, రెండు కుక్కల్లో ఒకటి పడుకుని ఉందని ఫోన్ చేసి చెప్పింది. రెండోది రాలేదు.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధి కుక్కలు చంపేశాయి. కెమెరాలో పడిన ఆ దృశ్యం అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఊరి నుంచి మా వాళ్లు అంబర్‌పేటను అమీర్‌పేట అనుకుని ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మేము ఆ వీడియో పూర్తిగా చూడలేకపోయాం. ఆ రాత్రి నెయ్ వచ్చి కాళ్ల దగ్గర పడుకుంటే దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. ఇది నిజం.

ఆ నెలలోనే మా బడిలో రెండో తరగతి బాబు పిక్కకు కట్టుతో వచ్చాడు. కట్టు విప్పితే పంటి గాట్లు, వాటి నిండా పసుపూ కారం. ముందురోజు సాయంత్రం కరిచిందట. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, వాళ్ల అమ్మను పిలిపించి, నారాయణగూడ ఐపీఎంకు తీసుకుపోయాం. టీకా అదే రోజు మొదలుపెట్టారు. తరవాత మూడో రోజు, ఏడో రోజు అంటూ వరసగా పోవాలి. ఆ తల్లి ఇళ్లల్లో పని చేస్తుంది. ఒక్క సూదికి ఒక పూట కూలి. అన్నిటికీ పోయేలా మేమే గుర్తు చేస్తూ వచ్చాం. రేబీస్ ముదిరాక మందు లేదు. ముందే టీకా వేసుకుంటే దాదాపు ఎప్పుడూ రాదు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక పిల్లవాడికి మొదటి టీకా వేశాడు. అందుకే ఆ తేదీన పశువుల ఆస్పత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. నెయ్‌కు మేము ఏటా ఆ రోజే వేయిస్తాం.

కాబట్టి ఓనరమ్మ వచ్చి "టీచరమ్మా, ఆ కుక్కను ఎక్కడన్న దూరం ఇడిచిపెట్టి రారాదు? మనుమలు వస్తే నాకు భయమైతుంది" అన్నప్పుడు ఆమె మీద మాకు కోపం రాలేదు. ఆమె భయం ఆమెది. కానీ ఎదురింటాయన ఒక మాటన్నాడు. "అడవిలకెల్లి వచ్చినోళ్లు, కుక్కల్ని కూడ ఎంటపెట్టుకొచ్చిన్రు." నెయ్‌ని మేము తేలేదు. అది ఈ గల్లీలో పుట్టింది. మాకన్నా అదే ఇక్కడి పాత కాపు. ఆ మాట అతనికి చెబుదామనుకుని చెప్పలేదు. ఇల్లు అద్దెకు వెతికినప్పుడు ఏ ఊరు, ఏ కులం అని అడిగి తలుపు వేసిన ఇళ్లు మాకు గుర్తున్నాయి. ఉన్న ఇల్లు పోగొట్టుకోదలుచుకోలేదు.

మా తప్పు కూడా ఒకటుంది. ఆపరేషన్ చేయించకుండా మూడేళ్లు వాయిదా వేశాం. మధ్యలో ఒకసారి ఈనింది. మూడు పిల్లల్లో రెండు చచ్చిపోయాయి, ఒకదాన్ని పంజాగుట్టలో టీ కొట్టాయన తీసుకున్నాడు. మెడకు పట్టీ కట్టినా పెరికేసుకునేది, అదీ వదిలేశాం. మార్చిలో ఒక పొద్దున మున్సిపాలిటీ బండి వచ్చి గల్లీలో కుక్కలన్నిటినీ వలేసి పట్టుకుంది. పట్టీ లేని నెయ్ కూడా పోయింది. మేము బడిలో, షాపులో ఉన్నాం. పాప ఒక్కతే చూసింది.

సాయంత్రం కనుక్కుని కుక్కల కేంద్రానికి పోయాం. వరసగా బోన్లు. నెయ్ మమ్మల్ని చూసి అరవలేదు, తోక ఆడించలేదు, మూలకు పోయి కూర్చుంది. అక్కడున్న కుర్రాడు రిజిస్టరు తిప్పి చూపించాడు. నంబరు, రంగు నలుపు, ఆడ, పట్టిన చోటు అని మా గల్లీ గుర్తులు. "భయపడకండి మేడం. ఆపరేషన్, టీకా అయినంక పట్టిన చోటే వదులుతం. వేరే చోట వదలొద్దు, రూలు" అన్నాడు. 2001 నాటి నిబంధనల్లో అదే ఉంది. ఆ మార్చిలోనే వచ్చిన 2023 నిబంధనల్లోనూ అదే ఉంది. ఒక చోటి కుక్కలను తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. కొత్త చోట దించిన కుక్క బెదిరిపోయి కరుస్తుంది, లేదా అక్కడి కుక్కల చేతిలో చస్తుంది. అందుకని ఆ రూలు.

ఆరో రోజు బండి వచ్చి నెయ్‌ని సరిగ్గా మా గల్లీ మలుపులో దింపింది. ఎడమ చెవి కొన కత్తిరించి ఉంది, ఆపరేషన్ అయిందన్న గుర్తుకు. బండి దిగి రోడ్డు వాసన చూసింది. గేటు తోసుకుని వచ్చి బావి బండ ఎక్కింది. గోరింకలు ఒకసారి అరిచి ఊరుకున్నాయి.

ఓనరమ్మతో కూర్చుని మాట్లాడుకున్నాం. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా కట్టెయ్యాలి, మనుమలు వచ్చినప్పుడు పగలు కూడా. టీకా చీటీ ఆమెకు చూపించాలి. గల్లీలో అన్నం పారబోయకుండా హాస్టళ్ల వాళ్లకు ఆమె చెబుతుంది. ఒప్పుకున్నాం. ఆమె నెయ్‌ని ఇప్పటికీ ముట్టుకోదు. అది పక్కనుంచి పోతే చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడుతుంది. అయినా ఉండనిచ్చింది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాం. అమ్మ మధ్యలో ఆపి, "ఏమన్నారు, మళ్లీ చెప్పు" అంది.

"పట్టిన చోటే వదలాలంట అమ్మా. వేరే చోట దింపితే బతకదంట."

అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత "అంటే ఆ సంగతి సర్కారోళ్లకు తెలుసన్నమాట" అంది.

మాకు జవాబు దొరకలేదు. మా ఊరు ఇప్పుడో అప్పుడో లేవాల్సిందే. ఎక్కడికో, ఏ కాలనీకో, అక్కడ ఎవరు ఇరుగో ఎవరు పొరుగో తెలియదు. ప్రతి వానాకాలం అమ్మ గుట్ట ఎక్కుతుంది, దిగుతుంది. మనుషుల్ని కుక్కలతో పోల్చడం కాదు ఇది. పోల్చింది మేము కాదు, అమ్మ. చోటు అంటే ఏమిటో రాసిపెట్టిన కాగితం ఒకటి అమ్మకు మొదటిసారి కనబడింది. అది కుక్కల కోసం రాసిన కాగితం.

2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. 22న దాన్ని మార్చి, రేబీస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని టీకా వేసి పట్టిన చోటే వదలాలంది. నవంబర్ 7న మళ్లీ, బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తీసేయాలి, తిరిగి అక్కడ వదలకూడదు అంది. టీచర్లుగా మేము దానికి అడ్డం చెప్పం. పసిపిల్లలు ఆడుకునే చోట కుక్కల గుంపు ఉండకూడదు. పిక్క మీద గాట్లు చూసినవాళ్లం. కానీ పిల్లలు గేటు దాటితే గల్లీయే. కాబట్టి బడిలో నెలకోసారి ఒక పీరియడ్ ఈ పాఠానికి పెడతాం. కుక్క వస్తే పరిగెత్తొద్దు, చెట్టులా నిలబడు. తింటున్న కుక్క దగ్గరికి, పిల్లలున్న కుక్క దగ్గరికి పోవద్దు. చెవి కత్తిరించి ఉందేమో చూడు. కరిస్తే దాచొద్దు, సబ్బుతో కడిగి పెద్దవాళ్లకు చెప్పు. పిక్క మీద మచ్చ ఉన్న బాబు ఇప్పుడు నాలుగో తరగతి దాటాడు. చెట్టులా నిలబడడం చిన్నవాళ్లకు వాడే చేసి చూపిస్తాడు.

కరివేపాకు చెట్టులో పిగిలిపిట్ట మళ్లీ గూడు కట్టింది. గోడ మీద సుద్ద లెక్క ప్రకారం పిల్లలు రేపో ఎల్లుండో కిందికి దూకుతాయి. నెయ్‌ని కట్టేశాం. బావి బండ మీద పడుకుని మా వంక కోపంగా చూస్తోంది. ఇంకో నాలుగు రోజులు. ఐదో రోజు ఇప్పేస్తాం.